పాసుపుస్తకం దాచిన పేజీ

దేవరకొండలో రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎదుట రేకుల పందిరి కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాయడం నా వృత్తి. క్రయ దస్తావేజులు, దాన దస్తావేజులు, అన్నదమ్ముల పంపకాలు, వీలునామాలు రాస్తూ ఇరవై రెండేళ్లు గడిచాయి. ఆదివారం పూట మా సంఘంలో పెద్దల వరుసలో కూర్చుంటాను కాబట్టి, పాస్టరుగారు ఊరిలో లేని శుక్రవారాల్లో గృహ ప్రార్థనలో వాక్యం చెప్పే బాధ్యత అప్పుడప్పుడు నా మీద పడుతుంది. ఈ రెండు పనులకూ ఏదో సంబంధం ఉందని గత నెల దాకా నాకు తోచలేదు.

గత నెలలో ఒక అవ్వ నా బల్ల దగ్గరకు వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. చేతిసంచిలోంచి నల్లని జిప్పు కవరు తొడిగిన బైబిలు తీసి బల్ల మీద పెట్టింది. జిప్పు సగంలో పట్టేస్తే వేలు తడిచేసి రాసి మళ్లీ లాగింది. లోపల రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సు, మందుల చీటీ ఒకదాని మీద ఒకటి మడిచి ఉన్నాయి. పుస్తకం నడిమి నుంచి పట్టాదారు పాసుపుస్తకం తీసి నా చేతికిచ్చింది.

"గిదేందవ్వా, బైబిల్ల పెట్టినవు?" అన్నాను.

"ఇంట్ల ఎలుకల బాధ బిడ్డా. ఇండ్ల అయితె జిప్పుంటది, కొర్కయి."

ఆమెకు చదువు రాదు. ఎకరం ముప్పై గుంటల చెలక ఆమె పేరు మీద ఉంది. భర్త పోయాక విరాసత్ అయి పట్టా ఆమె పేరుకు మారింది గానీ, భూమిని మాత్రం భర్త అన్న కొడుకు దున్నుకుంటున్నాడు, కౌలు అని ఒక్క రూపాయి ఇచ్చింది లేదు. "కాయితం నా తాన్నె ఉన్నది గద బిడ్డా, మరి పత్తి వానింటికి వోతున్నదేంది?" అని ఆమె అడిగింది. నా వృత్తిలో ఇంతకంటె పాత ప్రశ్న లేదు. ఊరి భూముల లెక్క రాసే పూర్వపు పహాణీలో పట్టాదారు పేరు రాయడానికి ఒక కాలం (నిలువు గడి), అనుభవదారు పేరు రాయడానికి వేరొక కాలం ఉండేవి. భూమి ఎవరిది అన్నది ఒక సంగతి అయితే, దాని మీద పంట తీసి తింటున్నది ఎవరన్నది మరొక సంగతి అని ఆ రెండు కాలాలు ఒప్పుకునేవి. 2020లో వచ్చిన ధరణి రికార్డుల్లో అనుభవదారు కాలం తీసేశారు. కాలం పోయింది గానీ అనుభవదారులు ఎక్కడికీ పోలేదు.

పాసుపుస్తకం తీసిన చోట బైబిలు తెరుచుకునే ఉంది. అది యోహాను సువార్త 5వ అధ్యాయం. అవ్వ కాగితాల జిరాక్సుకు కుర్రవాణ్ణి పంపి, అతడు వచ్చేలోగా నేను ఆ పేజీ చదువుతూ కూర్చున్నాను. 39, 40 వచనాల దగ్గర ఆగిపోయాను. "లేఖనములయందు మీకు నిత్యజీవము కలదని తలంచుచు వాటిని పరిశోధించుచున్నారు, అవే నన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నవి. అయితే మీకు జీవము కలుగునట్లు మీరు నాయొద్దకు రానొల్లరు."

ఈ వచనాన్ని నేను ఎన్నోసార్లు చెప్పాను, ప్రతిసారీ తప్పుగానే చెప్పానని ఇప్పుడు అనిపిస్తోంది. "లేఖనాలను పరిశోధించండి, వాటిలో నిత్యజీవం ఉంది" అని ప్రభువు ఆజ్ఞాపించినట్టు చెప్పి, రోజూ మూడు అధ్యాయాలు చదవమని హెచ్చరించి కూర్చునేవాణ్ణి. ఆ అర్థానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. మూల గ్రీకులో ఆ క్రియారూపం "పరిశోధిస్తున్నారు" అనడానికీ "పరిశోధించండి" అనడానికీ ఒక్కటే. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం దానిని ఆజ్ఞగానే తీసుకుంది. మన తెలుగు బైబిలు మాత్రం ఉన్న స్థితిని చెప్పే మాటగా తీసుకుంది. పక్కనున్న వాక్యాలు కలిపి చదివితే మన అనువాదకులదే సరైన తీర్పు అని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ ఆయన ఎదుట నిలబడిన వారికి లేఖనాలు చదవమని ఒకరు చెప్పవలసిన అవసరం లేదు, వారి బ్రతుకంతా ఆ చదువే. వారికి చెప్పవలసి వచ్చింది వేరే మాట: చదివినది ఎవరిని చూపిస్తున్నదో ఆయన ఎదురుగా నిలబడి ఉన్నా, ఆయన దగ్గరకు రావడానికి వారికి ఇష్టం లేదని.

అసలు ఆ మాట ఏ సందర్భంలో పుట్టిందో చూడాలి. అధ్యాయం మొదట్లో యెరూషలేములో బేతెస్ద అనే "కోనేరు", దానికి "అయిదు మంటపములు" ఉన్నాయని మన బైబిలు అంటుంది. కోనేరు, మంటపం అన్న మాటలు చదివినప్పుడల్లా నా కళ్లకు కనిపించేది యెరూషలేము కాదు, నల్లగొండ పక్కన పానగల్లు గుడి రాతి స్తంభాలే. నీళ్లు కదిలినప్పుడు ముందుగా దిగినవాడు బాగవుతాడని నమ్మే ఆ చోట ముప్పది ఎనిమిది ఏండ్లనుండి వ్యాధితో పడి ఉన్న మనిషిని యేసు లేపి, పరుపెత్తుకుని నడవమన్నాడు. అది విశ్రాంతిదినం. ముప్పై ఎనిమిదేళ్లు లేవని మనిషి నడుస్తుంటే యూదుల పెద్దలకు కనిపించింది అతని కాళ్లు కాదు, చంకలో ఉన్న పరుపు. విశ్రాంతిదినాన బరువు మోయరాదని యిర్మీయా 17వ అధ్యాయంలో ఉన్న మాట నిజమే, వారు కల్పించినది కాదు. లేఖనాన్ని అక్షరం తప్పకుండా పట్టుకున్నారు, ఆ లేఖనం ఇచ్చినవాని పని మాత్రం కళ్ల ముందు జరుగుతున్నా పోల్చుకోలేకపోయారు. వారిని వెక్కిరించడం సులభమే గానీ, మా సంఘంలో ఒక పెండ్లి పిలుపు కార్డు మీద ముహూర్తం అన్న మాట అచ్చయిందని రెండు నెలలు మాట్లాడుకోని వారిలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ పని చేయను.

ఆ తర్వాత ప్రభువు చెప్పిన జవాబును నేను మొదటిసారి నా వృత్తి కళ్లతో చదివాను. "నన్నుగూర్చి నేను సాక్ష్యము చెప్పుకొనినయెడల నా సాక్ష్యము సత్యము కాదు" అని 31వ వచనంలో ఆయనే అంటాడు. అక్కడినుంచి సాక్షులను వరుసగా పిలుస్తాడు: బాప్తిస్మమిచ్చు యోహాను, తాను చేస్తున్న క్రియలు, తనను పంపిన తండ్రి, ఆ తర్వాత లేఖనాలు, చివరికి మోషే. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం చెబుతుంది, ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపడాలని ద్వితీయోపదేశకాండం అంతకు ఎంతో ముందే చెప్పింది. నేను రాసే ప్రతి దస్తావేజు అడుగున సాక్షుల సంతకాలు ఉంటాయి. సాక్షి చేతిలో ఆస్తి ఉండదు; ఆస్తి ఎవరిదో చెప్పే మాట ఉంటుంది. ఆ మాట అబద్ధమైతే దస్తావేజు నిలవదు. సాక్షికి ఉన్న అధికారం తక్కువదేమీ కాదు. అయితే అది తన వైపు కాకుండా మరొకరి వైపు వేలు చూపించే అధికారం. లేఖనాల అధికారం గురించి నేను విన్న ప్రసంగాలన్నిటికంటె, చెప్పిన ప్రసంగాలన్నిటికంటె కూడా, ఆ అధ్యాయంలోని సాక్షుల పట్టికే నాకు ఎక్కువ నేర్పింది.

నిత్యజీవాన్ని వెతుక్కుంటూ వచ్చిన వారు సువార్తల్లో వేసే ప్రశ్న కూడా మా బల్ల దగ్గర వినిపించే ప్రశ్నే. మార్కు 10లో ఆస్తి గలవాడు పరుగెత్తుకుని వచ్చి మోకాళ్లూని, "నిత్యజీవమునకు వారసుడనగుటకు నేనేమి చేయుదును" అని అడుగుతాడు. లూకా 10లో ధర్మశాస్త్రోపదేశకుడు అదే అడుగుతాడు. వారసుడు కావడానికి ఏం చేయాలి? ఎవరైనా నా దగ్గరకు వచ్చి ఆ మాట అంటే నేను నవ్వి, "చేసేది ఏముందయ్యా, పుట్టి ఉండాలె, లేకుంటె ఎవరన్న రాసి ఇవ్వాలె" అంటాను. విరాసత్ దరఖాస్తులో కష్టపడి సంపాదించినట్టు రాసే గడి లేదు. చిత్రమేమిటంటే, హెబ్రీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం నిత్యమైన స్వాస్థ్యం గురించి మాట్లాడుతూ ఈ రెండో దారినే పట్టుకుంటుంది. "మరణశాసనము వ్రాసినవాని మరణము అవశ్యము" అంటుంది, రాసినవాడు బ్రతికి ఉండగా అది చెల్లదంటుంది. మరణశాసనం అంటే వీలునామా. పాత నిబంధన, కొత్త నిబంధన అంటున్నప్పుడు మనం నిబంధన అని పలికే గ్రీకు మాట, ఇక్కడ మరణశాసనం అని పలికే మాట ఒక్కటే. నా ఇంట్లో ఉన్న నల్ల అట్ట పుస్తకంలో రెండో భాగం పేరును వీలునామా అని కూడా చదువుకోవచ్చని తెలిసిన రోజున, ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకోవడంలోనే నాకు తేడా వచ్చింది.

ఇంత చెబితే, పుస్తకానిది రెండో స్థానమే కదా, ప్రభువు దగ్గరకు నేరుగా పోవచ్చు కదా అని అనేవారు ఉంటారు, ఉన్నారు. రాత్రి కలలో ప్రభువు తనకు ఫలానా చెప్పాడని, కాబట్టి ఫలానా కుటుంబం ఫలానా కానుక ఇవ్వాలని చెప్పిన బోధకులను నేను చూశాను. మా ప్రాంతంలో సాదా బైనామాలు ఎన్ని కొంపలు ముంచాయో ఎరిగినవాణ్ణి కాబట్టి, నోటి మాట మీద వచ్చే హక్కులంటే నాకు భయం. తెల్లకాగితం మీద రాసుకుని, ఊరి పెద్ద ముందు బెల్లం పంచుకుని, రిజిస్టరు చేయించుకోకుండా ముప్పై ఏళ్లు దున్నుకున్న తర్వాత అమ్మినవాని కొడుకు వచ్చి "ఏ కాయితం?" అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. బెరయ పట్టణంవారు పౌలు అంతటివాడు చెప్పిన సంగతులను కూడా "ఆలాగున్నవో లేవో అని ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు వచ్చిరి" అని అపొస్తలుల కార్యములు 17లో ఉంది. అందుకు వారిని గొణుగుడుగాళ్లు అనలేదు, ఘనులు అన్నది.

అయితే పుస్తకం ఒక్కటే అన్నంత మాత్రాన తగవు తీరదని మా సంఘాల పుట్టుకే చెబుతుంది. పాలమూరు, నల్లగొండ వైపు సువార్త తెచ్చినవారిలో మెన్నొనైట్ బ్రదరన్ వారు ఉన్నారు. నేటి ఉక్రెయిన్‌లో ఉన్న మెన్నొనైట్ వలస గ్రామాల నుంచి 1889లో బయలుదేరి వచ్చిన అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు, అమెరికన్ బాప్టిస్టు మిషను కింద నల్లగొండలో పని మొదలుపెట్టారు. వారి పూర్వికుల కథ 1525లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో మొదలైంది. పోపు మాట కాదు, లేఖనమే ప్రమాణం అని అక్కడి సంస్కర్త జ్వింగ్లీ బోధిస్తుండగా, ఆయన దగ్గర చదువుకున్న కొందరు యువకులు, "మరి పసిపిల్లలకు బాప్తిస్మం ఇమ్మని లేఖనంలో ఎక్కడుంది?" అని అడిగారు. అడిగి ఊరుకోక, పెద్దవారై విశ్వసించిన వారికి మళ్లీ బాప్తిస్మం ఇచ్చారు. వారిలో ఒకడైన ఫీలిక్స్ మాన్జ్‌ను 1527 జనవరి 5న జ్యూరిక్ నగర సభ వారు లిమ్మత్ నదిలో ముంచి చంపించారు. ముంచినవారి చేతిలోనూ లేఖనమే ప్రమాణం, మునిగినవాని నోటిలోనూ లేఖనమే ప్రమాణం. మా చెరువుల్లో, కాలువల్లో ప్రతి ఏడూ బాప్తిస్మాలు జరుగుతున్నప్పుడు ఒడ్డున నిలబడి పాటలు పాడే మాకు ఆ నీళ్ల వెనుక ఉన్న ఈ కథ తెలియదు. తెలియాలని నేను అనుకుంటాను. ఆ యువకుల వైపే న్యాయం ఉందని నా నమ్మకం, కానీ న్యాయం నా వైపు ఉంది కాబట్టి ఎదుటివాణ్ణి ముంచవచ్చు అన్న ఆలోచన కూడా బైబిలు చదివినవారికే వచ్చిందని మరువను.

ఇంట్లో నాకున్న తగవు ఇంకొకటి. నా భార్య నల్లగొండ మేత్రాసనం కాథలిక్ కుటుంబం నుంచి వచ్చింది. ఆమె పుట్టింటి బైబిలులో 73 పుస్తకాలు, నా బైబిలులో 66. తోబితు, మక్కబీయుల గ్రంథాలు మొదలైనవి నా దానిలో లేవు. జర్మనీ సంస్కర్త లూథరు 1534 నాటి తన జర్మన్ బైబిలులో వాటిని చదవదగినవే గానీ లేఖనంతో సమానం కావని విడిగా పెట్టాడు. అంతకు తర్వాత 1546లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ అవి లేఖనమే అని తీర్మానించింది. కొత్త నిబంధన 27 పుస్తకాల పట్టిక విషయంలో మాకు పేచీ లేదు, అది ఇప్పుడున్న విధంగా 367లో అలెగ్జాండ్రియా బిషపు అతనాసియసు రాసిన పండుగ లేఖలోనే ఉంది. ఒకరోజు అన్నం తింటూ, "రిజిస్ట్రారు ముద్ర వేసినంత మాత్రాన దస్తావేజు రిజిస్ట్రారుది అయిపోదు కదా, సంఘం ఈ పుస్తకాలను గుర్తించింది గానీ పుట్టించలేదు" అని నేను నా వాదం వినిపించాను. ఆమె చారు పోస్తూ, "మరి ముద్ర లేకుంటె మీ దస్తావేజు ఏ కోర్టులో చెల్లుతది?" అంది. నాకు జవాబు దొరకలేదు. 1965లో రెండో వాటికన్ మహాసభ, సంఘంలోని బోధనాధికారం దేవుని వాక్యానికి పైన ఉన్నది కాదని, దానికి సేవ చేసేదని ప్రకటించిందని ఆమె అన్నగారు ఒక పుస్తకంలో చూపించారు. అంతవరకు మాకు పొత్తు కుదిరింది, మిగతాది చారులో కలిసిపోయింది.

అనువాదం మాట కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ప్రమాణం అన్నది మనకు చేరేది తెలుగులోనే. రెండవ తిమోతి 3వ అధ్యాయంలో ప్రతి లేఖనం "దైవావేశమువలన కలిగిన"ది అని ఉంది. మూలంలోని మాటకు దేవుని ఊపిరి చేత కలిగినది అని భావం. మా ఊళ్లలో ఆవేశం అనగానే గుర్తొచ్చేది జాతరలో శివసత్తులు పూనకం వచ్చి సిగమూగడం. రాసినవాని ఒళ్లు తన వశం తప్పి చెయ్యి దానంతటదే రాసిందని చాలామంది అనుకోవడానికి ఈ మాటే కారణం అనుకుంటాను. లూకా తన సువార్త మొదట్లోనే అన్నిటినీ మొదటినుండి తరచి పరిష్కారంగా తెలుసుకుని రాస్తున్నానని చెప్పుకున్నాడు; అది సిగమూగే మనిషి మాట కాదు. అదే వచనం చివర లేఖనం "నీతియందు శిక్షచేయుటకును" ప్రయోజనకరం అని ఉంటుంది. అక్కడ శిక్ష అంటే శిక్షణ, పిల్లవాణ్ణి పెంచి తీర్చిదిద్దడం. దానిని దండన అనుకుని, వచనం చూపించి బెత్తం ఎత్తిన తండ్రులను నేను ఎరుగుదును. మా నాన్న వారిలో ఒకడు.

డిసెంబరు 31 రాత్రి వాగ్దానపు కార్డులు పంచడం గురించి ఎక్కువ రాయను. ప్లేటులోంచి ఒక కార్డు తీసి, దాని మీది వచనం ఈ ఏడాది నాకే రాసి ఇచ్చినట్టు గోడకు అంటించుకోవడంలో ప్రేమ ఉంది, అమాయకత్వం ఉంది. చుట్టుపక్కల పేజీలు చూడకుండా ఒక్క హద్దు చదివి మిగతా మూడు హద్దులు వదిలేసిన దస్తావేజు లాంటిది అది. నేను కూడా తీస్తాను.

నాకు మిగిలింది అనుభవదారు కాలం సంగతి. నిత్యజీవం అంటే చచ్చిపోయాక దొరికే అంతులేని ఆయుష్షు అని నేను చిన్నప్పటినుంచి అనుకున్నాను. దానియేలు 12లో సమాధుల్లో నిద్రించేవారు మేలుకుని "నిత్యజీవము అనుభవించు" మాట ఉంది, దానిని నేను కాదనడం లేదు. అయితే యోహాను 5లోనే, 24వ వచనంలో, ఆయన మాట విని విశ్వసించినవాడు "మరణములోనుండి జీవములోనికి దాటియున్నాడు" అని ఉంది. దాటబోతాడు అని లేదు. 17వ అధ్యాయంలో ప్రభువు తండ్రితో మాట్లాడుతూ, నిన్నూ నీవు పంపినవానినీ "ఎరుగుటయే నిత్యజీవము" అంటాడు. ఎరుక అన్నది పట్టా కాలంలో రాసుకునే సంగతి కాదు, అనుభవదారు కాలంలో రాయవలసిన సంగతి. 66 పుస్తకాలూ నా పేరు మీద ఉన్నాయి, ఎలుకలు కొరకకుండా దాచుకున్నాను, హద్దులు తడుముకోకుండా చెప్పగలను. ఆ పొలంలో నేను ఎన్ని రోజులు దిగి పని చేశానో, ఎంత పంట నా ఇంటికి చేరిందో నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

అవ్వ మొన్న సోమవారం మళ్లీ వచ్చింది. హద్దులు తేల్చడానికి సర్వే దరఖాస్తు రాశాను, భూమి స్వాధీనం కోసం కోర్టుకు పోవలసి వస్తుందని, ఒక మంచి వకీలును చూస్తానని చెప్పాను. డబ్బులు ఎంతని అడిగితే తర్వాత చూద్దామన్నాను. పాసుపుస్తకం పెట్టడానికి ఆమె జిప్పు తీసినప్పుడు, ఆ పేజీలో ఏముందో తెలుసా అని అడిగాను. ఎప్పుడో మిషనువాళ్ల బైబిలు అమ్మ ఒకామె ఊరికి వచ్చి కథ చెప్పి పోయేదని, ఇప్పుడు చెప్పేవాళ్లు లేరని, చదవమని అంది. సంతకాల కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు, అయినా చదివాను. కోనేరు, అయిదు మంటపాలు, ముప్పది ఎనిమిది ఏండ్లు. "నన్ను కోనేటిలోనికి దించుటకు నాకు ఎవడును లేడు గనుక నేను వచ్చునంతలో మరియొకడు నాకంటె ముందుగా దిగును" అన్న చోటికి వచ్చేసరికి ఆమె నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"గంతే బిడ్డా. నా చెలుకల గూడ గట్లనె దిగిండు వాడు," అని పెద్దగా నవ్వింది. సంతకాలకు వచ్చినవాళ్లు మా వైపు తిరిగి చూశారు.

"సదువు, సదువు," అంది. "ఆయినె ఏమన్నడు మల్ల?"